పేరు మాది, పొరపాటు మీది

గోదావరి డెల్టాలో ఏ ముస్లిం ఇంట్లోనైనా ఒక సాయంత్రం బీరువా తెరిచి, కాగితాలన్నీ చాప మీద పరచి చూడండి. తాతగారి పాత రేషను కార్డు మీద ‘ఎస్‌కె’ అని రెండు పొడి అక్షరాలుంటాయి. తండ్రి ఓటరు కార్డు మీద అదే పేరు ఎస్-హెచ్-ఎ-ఐ-కె. కొడుకు పదో తరగతి మార్కుల జాబితాలో చివర మరొక హెచ్ చేరింది. కూతురు ఆధార్‌లో ‘ఎ’ పోయి ‘ఇ’ వచ్చింది. కోడలి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో కుక్కబడింది. ఒకే గడప, ఒకే పొయ్యి, ఒకే పేరు. కాగితాల లెక్కన మాత్రం ఐదు వేర్వేరు వంశాలు.

ఆ పేరు ‘షేక్’. ఆంధ్రదేశంలోని ముస్లింల పేర్లలో దీనికంటే విరివిగా వినిపించేది బహుశా ‘మహమ్మద్’ ఒక్కటే. ఇంత మామూలు పేరు మీద ఇంత రాద్ధాంతం దేనికని ఎవరైనా అడగవచ్చు. ఉపకార వేతనం ఆగినప్పుడు, కుల ధ్రువపత్రం తిరస్కరించినప్పుడు, పాస్‌పోర్టు దరఖాస్తు వెనక్కి వచ్చినప్పుడు, అద్దె ఇల్లు చూపించిన యజమాని పేరు విన్న తరువాత ‘ఇల్లు వేరేవాళ్లకు మాట ఇచ్చేశాం’ అన్నప్పుడు, ఆ పేరు మామూలు పేరు కాదని మనకు తెలిసివస్తుంది. అందుచేత ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరెవరు ఎలా వాడుకొన్నారు, ఎవరు పాడుచేశారు అన్నది ఒకసారి తేల్చుకోవలసిన అవసరం ఉన్నదని మేము భావిస్తున్నాము.

అరబ్బీలో ‘షేఖ్’ అంటే మొదటి అర్థం వృద్ధుడు, అంతే. దివ్య ఖుర్ఆన్‌లో ఈ మాట ఆ అర్థంలోనే వస్తుంది. సూరా హూద్‌లో ఇబ్రాహీం అలైహిస్సలాం గారి భార్య, ఈ వయసులో తమకు బిడ్డ ఏమిటని ఆశ్చర్యపోతూ తన భర్తను ఆ మాటతోనే చెబుతుంది. సూరా యూసుఫ్‌లో అన్నదమ్ములు తమ ముసలి తండ్రిని గురించి మనవి చేసుకొనేటప్పుడూ, సూరా కసస్‌లో మద్‌యన్ బావి దగ్గర గొర్రెలకు నీళ్లు పెట్టలేక నిలబడిన ఆడపిల్లలు తమ తండ్రిని గురించి మూసా అలైహిస్సలాంతో చెప్పేటప్పుడూ వాడిన మాట ఇదే. అక్కడ కులం లేదు, వంశం లేదు, జాతి లేదు. నెరిసిన గడ్డం మాత్రమే ఉన్నది.

వయసుకు గౌరవం తోడైనప్పుడు ఆ మాట తెగపెద్దకు, తరువాత పండితునికి, ఆ తరువాత ఆధ్యాత్మిక గురువుకు బిరుదయింది. హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్ గార్లను కలిపి ‘షేఖైన్’ అంటారు. హదీసు విద్యార్థులు ఇమాం బుఖారీ, ఇమాం ముస్లింలను కూడా అదే మాటతో జతపరుస్తారు. ఈజిప్టులోని అల్ అజ్‌హర్ పెద్దను నేటికీ షేఖ్ అనే పిలుస్తారు. కువైట్, దుబాయి పాలకుల పేర్ల ముందు అది రాజలాంఛనం. లెబనానులో ఖాజిన్ వంటి క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా ఈ బిరుదును ధరిస్తున్నాయి. సిక్కుల పవిత్ర గ్రంథంలో షేఖ్ ఫరీద్ వాక్కులున్నాయి. కాశ్మీరులో పండిత కుటుంబాల నుంచి ఇస్లాంలోకి వచ్చిన పలువురికి ఇది ఇంటిపేరయింది. బెంగాలులో రైతుకూ నాయకునికీ కూడా ఇదే పేరు. ఇంతమంది వాడుకొన్న మాటను పట్టుకొని, ‘షేక్ అంటే అరబ్బు, అరబ్బు అంటే పరదేశి, కనుక మీరు పరదేశులు’ అని మూడు అంగల్లో తేల్చేసే మేధావులు మన మధ్య పెరుగుతున్నారు. వారి లెక్క ప్రకారం లెబనాను క్రైస్తవుడూ కాశ్మీరు పండితుని మునిమనుమడూ మన ద్రాక్షారామం రైతుకూలీ ఒకే తండ్రి బిడ్డలు కావాలి.

మరి మన డెల్టాకు ఈ పేరు ఎలా వచ్చింది? రాజమండ్రి మెయిన్ రోడ్డులోని పెద్ద మసీదులో 1324 నాటి పర్షియన్ శాసనం ఉన్నది. ఆ కట్టడం ఏ కట్టడం స్థానంలో లేచిందన్న సంగతిని చరిత్రకారులు దాచలేదు, మేమూ దాచము. ఆ శాసనంలో కనిపించే పేరు సాలార్ ఉల్వీ అనే సేనానిది. అతడూ, అతని వెంట వచ్చిన సైన్యమూ ఏడు శతాబ్దాల కిందటి మాట. ఈ రోజు రావులపాలెంలో అరటి గెలలు దించేవాడు, పాలకొల్లులో సైకిలు మీద బట్టలు అమ్మేవాడు, తుని సంతలో పాత ఇనుము కొనేవాడు ఆ సేనాని వారసులని అనడం చరిత్ర కాదు, పుకారు. ఏలూరు తివాచీ నేతగాళ్ల పూర్వీకులు పర్షియా నుంచి వచ్చారని చెప్పుకొంటారు; అటువంటి రాకలు కొన్ని ఉన్నమాట నిజమే. సర్కారు కొలువుల్లోనూ బందరు రేవు వర్తకంలోనూ కొందరు వచ్చారు. మిగిలిన అత్యధికులు ఈ నేల మీద పుట్టినవారే, ఈ నీళ్లు తాగినవారే, ఏదో ఒక తరంలో ఏదో ఒక బుజుర్గు చేతి మీద కలిమా చదివినవారే.

ఆ బుజుర్గును జనం షేఖ్ అని పిలిచేవారు. కలిమా చదివినవానికి పాత కులం పేరు వదిలిపోవాలి, కొత్తగా ఒక పేరు కావాలి. తాను సయ్యద్‌నని చెప్పుకోవడానికి వంశవృక్షం అడుగుతారు. పఠాన్‌నంటే ఆఫ్ఘను ఊసు రావాలి. మొగల్ అనడానికి ధైర్యం కావాలి. ఎవరికీ అభ్యంతరం లేని గౌరవపదం, ఎవరికైనా తలుపు తెరిచే పేరు ‘షేక్’ ఒక్కటే. దక్షిణాసియా అంతటా కొత్తగా దీన్‌లోకి వచ్చినవారు ఎక్కువగా ఈ పేరే ఎత్తుకోవడానికి కారణం ఇదే. చెప్పులు గడప బయట విడిచినట్టు పాత అవమానాన్ని విడిచి, ఇమాము వెనుక వరుసలో నిలబడిన మనిషి తనకు తాను ఇచ్చుకొన్న మర్యాద అది. దానిని అరువు పేరని ఎగతాళి చేసేవారు, ఆ మనిషికి అంతకుముందు ఊరివారు పెట్టిన పేర్లేమిటో కూడా చెప్పాలి.

అలా వచ్చిన పేరు తెలుగు గాలి పీల్చి తెలుగు పేరయిపోయింది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత రాసుకోవడం తెలుగువారి పద్ధతి. అరబ్బులకు లేదు, ఉత్తరాదివారికి లేదు. మన షేక్ మాత్రం కొమ్మిరెడ్డి, వేగేశ్న, పిల్లా వంటి ఇంటిపేర్ల పక్కన తానూ ఒక ఇంటిపేరై ముందు వరుసలో కూర్చొన్నది. షేక్ నాగూర్, షేక్ మస్తాన్, షేక్ సుభానీ, షేక్ దస్తగిరి అన్న పిలుపులు వినండి. నాగూరు తమిళదేశపు దర్గా ఊరు. సుభానీ, దస్తగిరి రెండూ 1166లో బాగ్దాదులో కన్నుమూసిన హజ్రత్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ వారి బిరుదుల నుంచి వచ్చినవి. మొక్కుకొని బిడ్డను కన్న హిందూ తల్లులు కూడా కొడుక్కి మస్తాన్ అనీ, కూతురికి మస్తానమ్మ అనీ పెట్టుకొన్నారు. ఏ పురోహితుడూ అడ్డుచెప్పలేదు, ఏ మౌల్వీ హక్కు కోరలేదు. కరవది గ్రామంలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసుని పేరు షేక్ చిన మౌలానా: అటూ ఇటూ అరబ్బీ, నడుమ అచ్చ తెలుగు ‘చిన’. శ్రీరంగంలో స్థిరపడి 1977లో పద్మశ్రీ అందుకొన్న ఆయన పేరును ఆంగ్ల పత్రికలు ఒకరు ఒకలా, మరొకరు ఇంకోలా అచ్చువేశాయి. ఆయన నాదం మాత్రం అన్ని స్పెల్లింగులలోనూ ఒక్కలాగే వినబడింది. పిఠాపురంలో 1885లో పుట్టి, తెలుగులో పద్యం చెప్పి, అవధానం చేసి, కేంద్ర శాసనసభలో కూర్చొన్న మౌల్వీ ఉమర్ ఆలీషా గారి పేరునే చూడండి. అలీ, షా అన్న రెండు మాటలను జనం కలిపేసి, ముందున్న అకారాన్ని సాగదీసి, ‘ఆలీషా’ చేసుకొన్నారు. ఆయన ఆ సంధిని తప్పుపట్టలేదు. పుస్తకాల మీద అలాగే వేసుకొన్నారు.

కనుక పేరు మారడంలో తప్పేమీ లేదు. పేరు ఊరు మారినప్పుడల్లా నాలుకకు తగ్గట్టు మారుతుంది. తప్పు ఎక్కడ మొదలైందంటే, ఆ మార్పు తానే చేసి, ఆ నేరాన్ని పేరుగలవాడి నెత్తిన వేసిన కచేరీలో.

ఇది చాలా సాదా విషయం. ఉర్దూలో ఈ పేరుకు ఒక్కటే రాత: షీన్, యే, ఖే. మూడక్షరాలు. ఏ మదర్సా పిల్లవాణ్ణి అడిగినా కళ్లు మూసుకొని రాస్తాడు. తెలుగులో కూడా వాడుక రూపం ఒక్కటే: షేక్. అక్కడక్కడ ఒత్తు ‘ఖ్’ కనిపిస్తుందేమో, అంతకుమించి తేడా రాదు. గందరగోళమంతా రోమను లిపిలో ఉన్నది. అందులో మన ‘షే’ ధ్వనిని ఎ-ఐ తో రాయవచ్చు, ఇ-ఐ తో రాయవచ్చు, ఒంటి ఇ తో రాయవచ్చు. చివర హెచ్ పెట్టవచ్చు, మానవచ్చు. హాజరుపట్టీలో చోటు చాలక రెండక్షరాలకు కుదించవచ్చు. ఈ రాతలలో ఏదీ మన తాతలు ఎంచుకొన్నది కాదు. బడిలో చేర్చే రోజు ఫారం నింపినవాడు గుమస్తా. ఓటరు జాబితాకు ఇల్లిల్లూ తిరిగి రాసుకొన్నవాడు ఎన్యూమరేటరు. ఆధార్ శిబిరంలో కీబోర్డు నొక్కినవాడు ఒప్పంద ఉద్యోగి. ఫారం చివర వేలిముద్ర వేసిన మనిషి పైన రాసిన స్పెల్లింగును సరిచూశాడని నమ్మే కచేరీ, ఆ వేలిముద్రకు అర్థం ఏమనుకొన్నట్టు?

ప్రభుత్వం వారికి పేర్ల మార్పు కొత్తది కాదు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగిన ఊరిని ఆనాటి ఆంగ్ల పత్రాలన్నీ ‘కోకనాడ’ అన్నాయి. అది మన కాకినాడే. ఏలూరు ‘ఎల్లోర్’గా ఉండేది. 2015లో రాజమండ్రిని రాజమహేంద్రవరం చేశారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసి, అమలాపురం మనిషిని తూర్పు గోదావరి నుంచి కోనసీమకు, ఏలూరు మనిషిని పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాకు ఒక్క రాత్రిలో మార్చారు. పాత ధ్రువపత్రంలో తూర్పు గోదావరి అని ఉన్నది, కొత్త దానిలో కోనసీమ అని ఉన్నది, కనుక నీవు వేరే మనిషివి అని ఏ అధికారీ అనలేదు, అనకూడదు కూడా. సర్కారు తన ఊరి పేరు మార్చుకొంటే అది గజెట్టు. సర్కారు మన పేరు మార్చేస్తే అది మన మోసం!

ఈ కష్టం మనకొక్కరికే అని మేము అనడం లేదు. లక్ష్మిని రెండు మూడు విధాలుగా రాస్తారు, చౌదరిని నాలుగు విధాలుగా రాస్తారు. వారికీ తిప్పలు ఉన్నాయి. నోటరీ దగ్గర అఫిడవిట్టు ఇచ్చి బయటపడతారు. మనకు అఫిడవిట్టుతో పాటు ఒక చూపు కూడా దక్కుతుంది. ఆ చూపు ఏమిటో పాఠకులకు వివరించవలసిన పని లేదు. అస్సాంలో 2019 ఆగస్టు 31న వెలువడిన పౌర పట్టికలో 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు లేకుండా పోయాయి. అక్కడ తండ్రి కాగితానికీ బిడ్డ కాగితానికీ మధ్య అక్షరం తేడా ఎన్ని కుటుంబాలను విచారణ గదుల చుట్టూ తిప్పిందో లోకమంతా చదివింది. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. 2025లో బీహారులో ఓటరు జాబితా ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు మళ్లీ అవే కాగితాల వేట. గోదావరి ఒడ్డున కూర్చొని అస్సాం గొడవ మనకెందుకని అనుకొనే రోజులు కావివి.

ఇప్పుడు చట్టం దగ్గరకు వద్దాము. ఇక్కడే ఈ పేరు బరువు పెరుగుతుంది.

వెనుకబడిన ముస్లిం తరగతులకు 4 శాతం రిజర్వేషను ఇస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2007లో 26వ నంబరు చట్టం చేసింది. దీనికి ముందు 2004లో ఒకసారి, 2005లో ఒకసారి ఇవ్వబోయిన 5 శాతం హైకోర్టులో నిలవలేదు. అప్పుడు పి.ఎస్. కృష్ణన్ వంటి అనుభవజ్ఞుని చేత అధ్యయనం చేయించి, ఏయే తరగతులు వెనుకబడి ఉన్నాయో వేరుచేసి ఈ చట్టం తెచ్చారు. దానిని కూడా 2010 ఫిబ్రవరి 8న హైకోర్టు కొట్టివేసింది; అదే సంవత్సరం మార్చి 25న సుప్రీం కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది ఊపిరితో ఉన్నది. బీసీ-ఇ అని మనం చెప్పుకొనేది దీనినే. ఆ పట్టికలో అత్తరు సాయిబులు, తురక చాకలి, ఫకీర్లు, గారడీ సాయిబులు, హజాం, లబ్బీ, ఖురేషీ, సిద్దీ మొదలైన శ్రమజీవుల వరుసలో ‘షేక్’ కూడా ఉన్నది. ఎలా ఉన్నదో గమనించండి: ఆంగ్ల ప్రతిలో ఒక స్పెల్లింగు రాసి, గీత గీసి, పక్కనే రెండో స్పెల్లింగు రాశారు. శాసనసభే స్వయంగా ఈ పేరును రెండు విధాలుగా అచ్చువేసి, రెండూ ఒకటేనని చెప్పింది. ఆ గీతకు ఇటువైపున్న తండ్రికీ అటువైపున్న కొడుక్కీ మధ్య సంబంధం లేదని ఏ కౌంటరులోనైనా ఎవరైనా అంటే, వారు దరఖాస్తుదారునితో కాదు, శాసనసభతోనే పేచీ పెట్టుకొంటున్నారని అర్థం.

ఆ పట్టికలోనే మరొక విచిత్రం ఉన్నది. రిజర్వేషను వర్తించని వర్గాలను చెబుతూ సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా మొదలైనవి రాశారు. అందులో సయ్యద్ పక్కన పర్యాయపదంగా ‘ముషాయిక్’ అన్న మాట చేర్చారు. అది ‘మషాయిఖ్’. అంటే ఏమిటి? షేఖ్ అన్న మాటకు అరబ్బీలో బహువచనం! ఏకవచనం వెనుకబడినదట, బహువచనం ముందుకు పోయినదట. పీర్ల వంశాలను మషాయిఖ్ అనే వాడుక ఉన్నది కాబట్టి అలా రాశారని మాకు తెలుసు. దానికి కారణం లేకపోలేదు. అయితే పేరును బట్టి మనిషి స్థితిని నిర్ణయించబోతే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పేరు వేరు, సముదాయం వేరు. 1993 నాటి ధ్రువపత్రాల చట్టం తహశీల్దారును విచారించమన్నది సముదాయాన్ని. ఇంటిపేరు చూసి ముద్ర వేయమనలేదు. దూదేకుల కుటుంబాలు ఎన్నో ఇంటిపేరుగా షేక్ రాసుకొంటాయి. లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని కూడా పిలిచే ఆ సముదాయం ఎప్పటినుంచో బీసీ-బి లో ఉన్నది. షేక్ అని ఉన్నది కదా, నీవు ‘ఇ’ అని వారిని తిప్పిపంపడం, ‘బి’ అని ఉన్న అన్న కాగితం చూపితే ఇద్దరిలో ఎవరో ఒకరు దొంగ అనడం. ఇటువంటి ఫిర్యాదులు మా దృష్టికి వస్తూనే ఉన్నాయి. అలాగే పేరు చివర ముద్దుగా ‘ఖాన్’ తగిలించుకొన్న షేక్‌ను పఠాన్ అనేయడం. ఆ ఖాన్ ఏ ఆఫ్ఘనిస్తాను నుంచీ రాలేదు. ఆ బిడ్డ పుట్టిన ఏడు ఊళ్లో ఆడిన సినిమాలోంచి వచ్చి ఉండవచ్చు.

కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికి గల్ఫుకు వెళ్లిన మన ఆడబిడ్డల సంగతి కూడా చెప్పకతప్పదు. అక్కడ షేఖా అంటే రాకుమార్తె. అదే మాటను ఇంటిపేరుగా మోసుకొని మన బిడ్డ ఆ రాకుమార్తె వంటింట్లో గిన్నెలు తోముతుంది. అరబ్బు కఫీలు పాస్‌పోర్టు చూసి నవ్వుకొంటాడు, అది పోనీయండి. పాస్‌పోర్టులో ఒక రాత, అకామాలో అరబ్బీ నుంచి మళ్లీ ఆంగ్లంలోకి తిప్పిన మరొక రాత, ఊళ్లో బ్యాంకు ఖాతాలో ఇంకొక రాత. నెల జీతం పంపినప్పుడు ఖాతా పేరు కలవలేదని డబ్బు నిలిచిపోతే, ఇక్కడ ఆసుపత్రిలో ఉన్న తల్లికి మందు ఆగుతుంది. అరబ్బీలో పుట్టిన పేరు అరబ్బీ దేశానికే తిరిగి వెళ్లి గుర్తుపట్టలేనిదిగా మారడం, మధ్యలో రోమను లిపి అనే రేవు దాటినందుకు కట్టిన సుంకం.

ఇంతవరకు కచేరీలను నిలదీశాము. ఇక మన ఇళ్లలోకి రావాలి. ఇక్కడ మాకు మొగమాటం లేదు.

నెరిసిన గడ్డానికి ఇచ్చిన గౌరవాన్ని మనం కులం చేసుకొన్నాము. సంబంధం చూడబోతే మొదటి ప్రశ్న: ‘మీరు షేకులా, దూదేకులా?’ షేక్ ఇంటివారు పింజారి ఇంట్లో పిల్లనివ్వరు. సయ్యద్ ఇంటివారు షేక్ ఇంట్లో ఇవ్వరు. దావతులో దస్తర్‌ఖాను ఒకటే, నమాజులో సఫ్ ఒకటే, నిఖా దగ్గర మాత్రం నాలుగు అంతస్తులు. ఉత్తరాదిన ఒక పాత హాస్యోక్తి ఉన్నది: నేతపని చేసుకొనే మనిషి నాలుగు డబ్బులు కూడితే షేక్ అవుతాడట, పంట ధర పెరిగిన ఏడు సయ్యద్ కూడా అవుతాడట. నవ్వుతాము గానీ ఆ నిచ్చెనను మనం ఇంటింటా నిలబెట్టుకొనే ఉన్నాము. కుఫూ అన్న ఫిఖ్‌హు మాటను తెచ్చి దానికి తడిక కట్టేవారూ ఉన్నారు. అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదని ఆఖరి హజ్జులో ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ప్రకటించిన మాటను ప్రతి జుమాలో వింటూనే, ఇంటికొచ్చి మా మూలాలు మక్కాలో ఉన్నాయని చెప్పుకొంటున్నాము. మక్కాలో మూలాలు ఉన్నాయని మనమే గొప్పగా చెప్పుకొని, మీ మూలాలు మక్కాలో ఉన్నాయి కనుక వెళ్లిపోండని వాడంటే ఉలిక్కిపడతాము. ఆ అబద్ధానికి సగం సరుకు మన దుకాణంలోనిదే.

కృష్ణ దాటితే గుంటూరు జిల్లా పొన్నెకల్లు వస్తుంది. బుర్రకథకు ప్రాణం పోసిన నాజర్ గారు 1920లో పుట్టినది అక్కడే. లోకానికి ఆయన షేక్ నాజర్. పుట్టుక దూదేకుల ఇంట. 1986లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయన జీవితకథ పుస్తకంగా వచ్చినప్పుడు దాని అట్ట మీద వేసిన పేరు ‘పింజారి’. పేరుకు ముందు షేక్ ఉన్న మనిషి, తన కథకు పింజారి అని పేరు పెట్టడానికి వెనుకాడలేదు. తన తాతల చేతి విల్లును, ఎగిరే దూదిని, ఆ పేదరికాన్ని దాచుకోలేదు. మన ఇళ్లలో ఎంతమంది ఆ పని చేయగలరు? పెళ్లిచూపుల్లో తాతగారు దూది ఏకేవారని చెప్పడానికి గొంతు పెగలని మనం, గుమస్తా మన పేరును సరిగా రాయలేదని ఏ మొహంతో అడుగుతాము? అయినా అడగాలి, మన తప్పు వాడి తప్పును మాఫీ చేయదు. కాకపోతే రెండూ కలిపి అడగాలి.

స్పెల్లింగుల తేడాను సహిస్తే దొంగ పేర్లవారు దూరుతారని ఒక వాదన ఉన్నది. ఆ భయం పూర్తిగా వట్టిది కాదు. అయితే వేలిముద్ర, కనుపాప, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి నంబరు ఇన్ని తీసుకొన్న తరువాత, మనిషిని గుర్తించడానికి ఒక హెచ్ మీద ఆధారపడే యంత్రాంగం దొంగలను పట్టగలదని మాకు నమ్మకం లేదు. దొంగ అన్నవాడు కాగితాలన్నిటా ఒకే స్పెల్లింగు రాయించుకొని వస్తాడు. నాలుగు కాగితాల్లో నాలుగు రాతలున్నవాడే అసలు మనిషి!

కచేరీలు మారేవరకు మనం చేసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆధార్‌లో పేరు సవరించుకొనే అవకాశం జీవితకాలంలో రెండుసార్లే. కనుక నెట్ సెంటరువాడు చెప్పాడని తొందరపడి ఖర్చు చేసుకోకండి. ఇంట్లో అందరూ కూర్చొని, చదువుకొనే పిల్లల పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్న రాతనే ఇంటి రాతగా ఎంచుకొని, తక్కినవాటిని దాని వైపు తెచ్చుకోండి. బిడ్డ పుట్టిన రోజే జనన నమోదుకు ఆ రాతను చీటీ మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్పకండి. జమాత్ కమిటీలు జుమా తరువాత ఒక గంట ఈ పనికి కేటాయిస్తే, చదువురాని తల్లులకు నోటరీ ఖర్చు తప్పుతుంది. నిఖానామా రాసే ఖాజీ సాహెబులకు కూడా ఒక మనవి: వధువు పేరు వెంట ‘బేగం’, ‘బీ’, ‘ఉన్నీసా’లలో ఏది ఆధార్‌లో ఉన్నదో అడిగి రాయండి. మర్యాద కోసం మీరు చేర్చే ఒక్క మాట ఆ అమ్మాయి వీసాను ఆరు నెలలు ఆపుతుంది.

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఒక్క సర్క్యులరు. షేక్ అన్న పేరుకు ఆంగ్లంలో వాడుకలో ఉన్న రాతలన్నీ, ‘ఎస్‌కె’ అన్న కుదింపుతో సహా, ఒకే పేరుగా గుర్తించాలి. ఆ తేడా ఒక్కటే కారణంగా ఏ దరఖాస్తునూ తిరస్కరించరాదు. తేడా వచ్చినచోట తెలుగు రాతనే ప్రమాణంగా తీసుకోవాలి. కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం, భీమవరం, ఏలూరు కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలలో ఈ అర్జీని ఒకే వారం ఇవ్వవలసిందిగా ఐదు జిల్లాల పాఠకులను కోరుతున్నాము. అర్జీ కింద సంతకం తెలుగులో చేయండి. దాని పక్కనే ఆ మూడక్షరాలు, షీన్, యే, ఖే, ఉర్దూలో కూడా రాయండి. ఈ లిపి మాకు రాదని కౌంటరులో ఎవరైనా అంటే, 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసిన చట్టం ఒకటి ఉన్నదని మర్యాదగా గుర్తుచేసి, రసీదు తీసుకొని రండి.